చీర రేపటికి, మొక్క వచ్చే ఏడాదికి

సూరత్ వెళ్తున్నానని చెప్పగానే ఇంట్లోవాళ్లు చీరల జాబితా రాసి చేతిలో పెట్టారు. వెళ్తున్నది చీరలకు కాదు, అక్కడి నర్సరీలు చూడ్డానికి అన్నాక మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్లననడానికి లేదు. మాది కడియపులంకకు కూతవేటు దూరం. రాజమండ్రి దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే వేమగిరి దగ్గర మొదలై మొక్కలే మొక్కలు. కడియం, బుర్రిలంక, పొట్టిలంక, వీరవరం... వేల ఎకరాల్లో నర్సరీలు. పల్లా వెంకన్న లాంటి పాతతరం రైతుల చేతుల్లో పెరిగిన పని, ఇప్పుడు మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు కూడు పెడుతోంది. అలాంటి చోట పుట్టి మొక్కలు చూడ్డానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా పోతానంటే ఎవరికైనా అనుమానం రాదూ?

నన్ను ఈ పురుగు తొలిచింది మా బాబాయి వల్ల. ఆయనకు నర్సరీ ఉంది. జూన్ వచ్చిందంటే సూరత్ నుంచి ఫోన్లు ఆగవు. "మాల్ ఎప్పుడు భాయ్? ఇక్కడ దుకాణం ఖాళీ" అని అటు నుంచి. "లోడవుతోంది, రేపు కదుల్తుంది" అని ఇటు నుంచి. ఇటు చూస్తే కాలు పెట్టడానికి చోటు లేనన్ని మొక్కలు. అటు చూస్తే ఖాళీ దుకాణం. మధ్యలో ఏం జరుగుతోందో కళ్లారా చూడాలనిపించింది.

విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వరంగల్‌లో బోగీ నిండిపోయింది. బియ్యం మూటలు, పచ్చడి సీసాలు, కారప్పొడి డబ్బాలు, వాటి మధ్య సర్దుకున్న మనుషులు. చాలామంది సూరత్ మగ్గాల మీద పనిచేసేవాళ్లు, కాకపోతే వాళ్ల చుట్టాలు. మా గోదావరి జిల్లాల వాళ్లు పొట్ట చేత పట్టుకుంటే హైదరాబాదో కువైటో వెళ్తారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్ దారి పట్టాయి. ఎదురు సీటు పెద్దాయన నా పని విని నవ్వాడు. "మొక్కలా? సూరత్‌లనా? ఆడ గుడ్డ తప్ప ఏం మొలువది బిడ్డా" అన్నాడు.

జల్గావ్ దగ్గర కిటికీ బయట అరటితోటలు కనిపించాయి. మా లంకల్లో అరటి చూసిన కంటికి అరటి వింత కాదు. ప్రతి చెట్టూ ఒకే ఎత్తున ఉండడమే వింత. మా వాళ్లు ఇప్పటికీ చాలాచోట్ల పిలకలు తవ్వి నాటుకుంటారు. ఇక్కడివి టిష్యూకల్చర్ మొక్కలు. ల్యాబులో పుట్టి, షేడ్‌నెట్ కింద వారాల తరబడి ముదిరి, అప్పుడు పొలానికి వస్తాయి. కావాలంటే నెలల ముందే బుకింగ్ చేసుకోవాలని ఓ తోటి ప్రయాణికుడు చెప్పాడు. ఆ మాట అప్పుడు చెవిన పడి పోయింది. దాని బరువు సూరత్ చేరాక తెలిసింది.

సూరత్ స్టేషన్ బయట అడుగు పెడితే మనిషి కంటే ముందు మూట కనిపిస్తుంది. ఆటోలో మూటలు, టెంపోలో మూటలు, తోపుడుబండి మీద మూటలు, స్కూటర్ మీద ఇద్దరి మధ్య మూట. అన్నింట్లోనూ గుడ్డే. మెట్రో పనుల కోసం రోడ్లు తవ్వి పెట్టారు గనుక, ఆటోవాలాకు కూడా నిన్నటి దారి ఇవాళ ఉంటుందన్న నమ్మకం లేదు. నేను దిగాల్సింది లింబాయత్‌లో, మా స్నేహితుడి అక్క ఇంట్లో. ఆ ప్రాంతంలో ప్రతి వీధికీ ఏదో ఒక 'నగర్' ఉంది, ప్రతి నగర్‌కూ నాలుగు గల్లీలున్నాయి, ప్రతి గల్లీలోనూ మరమగ్గాల చప్పుడు ఒకేలా ఉంది. తిరిగి తిరిగి వచ్చిన కిళ్లీకొట్టు దగ్గరికే మళ్లీ వచ్చాను. నాకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని ఒకామెను దారి అడిగితే, ఆమె నన్ను ఎగాదిగా చూసి, "తెలుగోనివి లెక్కనే ఉన్నవ్, తెలుగుల అడుగరాదూ?" అంది. మీరు వెళ్లినా ఇదే చేయండి. లింబాయత్, డిండోలీ వైపు దారి తప్పితే ముందు తెలుగులో అడిగి చూడండి.

అక్క ఇంట్లో టీ తాగుతుంటే కప్పులో టీ కూడా సన్నగా వణుకుతోంది. కింద అంతస్తులో మగ్గాలు. "గా సప్పుడు ఆగితెనే మాకు నిద్ర వట్టది తమ్మీ" అన్నాడు బావ. వాళ్ల పిల్లలు చిన్న తరగతులు మున్సిపల్ బడిలో, తెలుగు మీడియంలో చదివారు. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులోనూ బడులు నడుపుతోంది. మా దగ్గర తెలుగు మీడియం కోసం వెతుక్కుంటున్న రోజుల్లో ఈ మాట విని నేను టీ చల్లారబెట్టుకున్నాను.

అక్క డాబా మీద నా మొదటి నర్సరీ చూశాను. రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, అన్నింట్లోనూ మొక్కలు: కరివేపాకు, గోంగూర, తులసి, గుండుమల్లె. ఓ మూల నాలుగు తొట్లలో మట్టి మాత్రమే ఉంది. అందులో గునుగు విత్తనాలు చల్లిందట, పుట్టింటి నుంచి తెచ్చుకుని. బతుకమ్మకు కావాలి కదా. మరి నర్సరీలో కొనుక్కోవచ్చుగా అంటే, "పొలం గట్ల మీద మొలిచేదాన్ని నర్సరోడు ఎందుకమ్ముతడు? పండుగ ముంగట పోయి అడిగితే ఎవలిస్తరు? గిప్పుడే చల్లాలె" అంది. తంగేడు మాత్రం గుజరాత్ బీళ్లలోనూ పూస్తుంది, ఎవరో ఒకరు తెస్తారట. పండుగకు ఇంకా నెలలుండగానే తొట్లు నింపుకున్న ఆ అక్కకు తెలిసిన లెక్క, తర్వాత నేను చూసిన పెద్ద పెద్ద దుకాణాల్లో చాలామందికి తెలియదు.

మర్నాడు పొద్దున బావ నన్ను లోచో తినడానికి తీసుకెళ్లాడు. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇడ్లీలా నిలబడదు, ఉప్మాలా విడిపోదు, ప్లేట్లో వేడిగా కూలబడి ఉంటుంది. మీద నూనో వెన్నో పోసి, సేవ్, ఉల్లిపాయ ముక్కలు, పచ్చటి చట్నీ వేసి ఇస్తారు. మొదటి ముద్దకు అర్థం కాలేదు, మూడో ముద్దకు ఇంకో ప్లేటు చెప్పాను. సూరత్‌లో తినాలి, కాశీలో పోవాలి అని అక్కడ సామెత. రెండో సగం గురించి తొందరేం లేదు గానీ మొదటి సగం నిజం.

వీధులు శుభ్రంగా ఉన్నాయంటే బావ పాత సంగతి ఎత్తాడు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు భయం పుట్టినప్పుడు, దొరికిన రైలెక్కి జనం ఊరొదిలి పారిపోయారు. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అనే మన తెలుగు ఐఏఎస్ అధికారి, అధికారుల్ని రోజూ పొద్దున్నే వీధుల్లోకి తోలి, రెండేళ్లు తిరక్కుండానే ఊరి రూపు మార్చేశారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. అనుకుంటే ఏ పనైనా తొందరగా అయిపోయే ఊరన్నమాట. ఈ ఊరి గర్వం కూడా అదే.

ఆ తొందర రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో చూడాలి. ఒక్కో భవనంలో వందల దుకాణాలు, ఒక్కో దుకాణంలో నేల మీద తెల్ల పరుపు, దాని మీద కొండలా చీరలు. లిఫ్టులో మనుషులకంటే మూటలకే మర్యాద ఎక్కువ. నాలుగో అంతస్తులో ఎక్కి, ఎటు నుంచి దిగుతున్నానో తెలియక, పక్క మార్కెట్ ముందు తేలాను. జాబితాలో ఒక చీర రంగు అయిపోయిందంటే దుకాణదారు ఏమాత్రం బాధపడలేదు. "రేపు సాయంత్రం రండి, వేయించి పెడతా" అన్నాడు. మంగళగిరిలోనో ఉప్పాడలోనో చేనేత మగ్గం ముందు కూర్చుని అలా అడిగితే ఏమంటారో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ మధ్యాహ్నం డుమస్ వెళ్లే దారిలో ఒక నర్సరీ ముందు ఆగాను. దూరం నుంచే మనసు పొంగింది. ఎర్రమట్టి గడ్డలతో నల్ల కవర్లలో నిలబడ్డ క్రోటన్లు, అరెకా పామ్‌లు, నూరు వరహాలు. కవరు కట్టిన తీరు చూస్తే చాలు, మా వైపు చేతులు కట్టినవే. సూరత్ నేల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం కాలికి అంటుకుని చెప్పు వదలదు. ఆ నల్లమట్టి మీద మా ఎర్రమట్టి ముద్దలు వరసగా కూర్చుని ఉంటే, పరాయి ఊళ్లో మనవాళ్లు ఎదురైనంత సంతోషం.

కడియం నుంచి వచ్చానని చెప్పగానే యజమాని లేచి నిలబడి కుర్చీ జరిపాడు. కుశలప్రశ్న కూడా నన్ను గురించి కాదు. "గోదావరి ఎలా ఉంది?" అని అడిగాడు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఎన్ని అడుగులున్నాయో ఆయన వానాకాలమంతా ఫోన్లో చూస్తాడట. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 17.75కు మూడోది అని నాకే చెప్పాడు. 2022 జూలైలో గోదావరికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో నర్సరీలు మునిగాయి. ఆ దెబ్బ తనకు తర్వాతి సీజన్లోనూ తగిలిందని చెప్పాడు. సొంత ఊరి నది తపతి సంగతి ఆయనకు వేరే చెప్పాలా? 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలితే సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. తన కుండీలు ఏ వీధిలో తేలాయో చెబుతూ నవ్వాడు. రెండు నదుల మధ్య ఆ వ్యాపారం నడుస్తోంది. ఏది పొంగినా దుకాణం ఎండుతుంది.

"ఇన్ని మొక్కలు పెట్టుకుని కొరత అంటారేం?" అని అడిగితే, చేయి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ షేడ్‌నెట్ కింద ఒక లోడు మొక్కలు ఆకులు రాల్చి, వాడిపోయి ఉన్నాయి. "ఇవి వచ్చాయి. కానీ అమ్మకానికి లేవు."

కడియంలో లారీ ఎక్కించడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. దించడం చూడ్డం ఇదే మొదలు. తూర్పు గోదావరి నుంచి హైదరాబాద్ మీదుగా మహారాష్ట్ర అంతా అడ్డంగా దాటి రావాలి. ఒకదాని మీద ఒకటి అరలు కట్టి నింపిన మొక్కలు, పైన పరదా, లోపల ఉడుకు. దారిలో ఒకచోట నీళ్లు పడితే అదృష్టం. దిగాక వాటిని నీడలో పెట్టి, నీళ్లు పట్టి, కొత్త చిగురు వేసే దాకా వారం పది రోజులు కదపకూడదు. ఈలోగా గేటు దగ్గర నిలబడ్డ గిరాకీకి మొక్క కనిపిస్తుంది గానీ చేతికి రాదు. పైగా లారీ సగం లోడుతో కదలదు. ఈయన ఒక్కడికే లారీ నిండా మొక్కలు అక్కర్లేదు గనుక మరో ఇద్దరు ముగ్గురు దుకాణదారులు కలవాలి. ఒకరికి కుండీ పూలమొక్కలు కావాలి, ఒకరికి పెద్ద చెట్లు, ఒకరికి లాన్ గడ్డి. ముగ్గురి జాబితాలూ ఒక్కచోట కుదిరే దాకా కడియంలో మొక్క ఎదుగుతూ కవరు చించుకుంటుంది, సూరత్‌లో గిరాకీ ఇంకో దుకాణానికి పోతుంది.

ఇది ఏడాది పొడవునా ఉండే బాధ. జూన్, జూలైల బాధ వేరు. మొదటి వాన పడగానే అపార్ట్‌మెంట్ల వాళ్లకూ, బంగళాల వాళ్లకూ, బడులకూ, కంపెనీలకూ, పంచాయతీలకూ ఒకేసారి మొక్కలు గుర్తొస్తాయి. ఆ అలవాటు వేసినవాడు కూడా ఈ పక్కవాడే. సూరత్‌కు ఉత్తరాన భరూచ్‌లో పుట్టిన కె.ఎం.మున్షీ కేంద్ర మంత్రిగా ఉండగా 1950లో వనమహోత్సవం మొదలుపెట్టారు. 2024 జూన్ 5న 'ఏక్ పేడ్ మా కే నామ్' (అమ్మ పేరిట ఒక మొక్క) కార్యక్రమం కూడా తోడైంది. మన వైపు 2015లో మొదలైన తెలంగాణ హరితహారం కూడా నర్సరీలను ఇలాగే ఉరుకులు పెట్టించింది. టెండరు పట్టినవాళ్లకు చిన్న మొక్కలు పనికిరావు, మనిషెత్తు కావాలి. మనిషెత్తు మొక్క అంటే రెండు మూడేళ్ల కిందట ఎవరో నమ్మకంతో పెద్ద కవర్లోకి మార్చిన మొక్క. అంతమంది నమ్మినవాళ్లు ఉంటారా?

నమ్మినవాళ్లు దెబ్బ తిన్న కథ కూడా అక్కడే, గోడ పక్కన నిలబడి ఉంది. కోనోకార్పస్. త్వరగా పెరిగి గోడలా అల్లుకుంటుందని గుజరాత్ అంతా నాటారు, మన దగ్గరా నాటారు. పుప్పొడితో ఎలర్జీలు, ఉబ్బసం వస్తున్నాయని, వేళ్లు కేబుళ్లనూ పైపులనూ పాడు చేస్తున్నాయని 2023 సెప్టెంబరులో గుజరాత్ అటవీశాఖ దాన్ని నర్సరీల్లో పెంచొద్దు, నాటొద్దు అంది. తెలంగాణలో అంతకు ముందే వద్దన్నారు. ఒక్క ఉత్తర్వుతో ఏళ్ల పెంపకం చెత్త అయింది. ఆ మర్నాటి నుంచి అందరూ "దాని బదులు ఇంకోటివ్వండి" అంటారు. ఆ ఇంకోటి ఇంకా గింజలోనే ఉంది.

మొక్కే కాదు, మొక్క కింద ఉండేది కూడా రావాలి. సూరత్ నల్లమట్టి ఒక్కటే కుండీకి పనికిరాదు, నీళ్లు నిలబడి వేరు కుళ్లుతుంది. అందుకే డాబా తోటల వాళ్లంతా కోకోపీట్ అడుగుతారు. అయిదు కిలోల దిమ్మలు ఎక్కువగా తమిళనాడు పొల్లాచ్చి వైపు నుంచి వస్తాయి. కొబ్బరి పొట్టును ఉప్పు పోయేలా కడగాలి, ఎండలో ఆరబెట్టాలి, అప్పుడు దిమ్మ కట్టాలి. అక్కడ వానలు పట్టుకుంటే ఆరదు. ఆరినది ముందు విదేశాలకు పోతుంది. మా కోనసీమ కొబ్బరితోటల పక్కన పెరిగిన నాకు, కొబ్బరి పొట్టు దొరకలేదని ఒక పెద్దమనిషి ఖాళీ చేతులతో కారెక్కి వెళ్లిపోవడం కొత్త వింత.

దీపావళి తర్వాత ఇంకో చిక్కు. సూరత్‌లో లాభ్ పంచమి దాకా మార్కెట్లు తెరవరు, వజ్రాల కార్ఖానాలు ఇంకా ఎక్కువ రోజులు మూసేస్తారు. పనివాళ్లంతా ఊళ్లకు పోతారు. నర్సరీ కూలీలూ పోతారు. మొక్కకు మాత్రం సెలవుండదు కదా.

అన్నీ విన్నాక అక్క అడిగిన పని గుర్తొచ్చింది. డిండోలీలో వాళ్లకు చిన్న స్థలం ఉంది, అందులో సపోటా అంటు పెట్టాలి. "సపోటా ఉందా?" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "వచ్చే ఏడాది రండి." రాత్రికి రాత్రి చీర నేయించే ఊళ్లో ఆ జవాబు విని నేను కాసేపు నోరు మూసుకున్నాను. "అనుమానముంటే అంట్లు కట్టే గణదేవి వెళ్లి చూసుకోండి" అన్నాడాయన.

సాయంత్రం డుమస్ సముద్రతీరం చూశాను. ఇసుక నల్లగా ఉంటుంది. మా కాకినాడ తీరం చూసిన కళ్లకు సముద్రం దగ్గర ఎవరో మసి పోసి వెళ్లారేమో అనిపిస్తుంది. అక్కడ టమాటా బజ్జీ తినకుండా రాకండి. టమాటాను బిళ్లలుగా కోసి, మీద పచ్చి కారం పూసి, శనగపిండిలో ముంచి వేస్తారు. కొరికితే మంటా, పులుపూ, వేడీ మూడూ కలిసి నాలుకను పట్టుకుంటాయి. మన మిరపకాయ బజ్జీకి పోటీ ఉందని మొదటిసారి ఒప్పుకున్నాను.

మర్నాడు లోకల్ బండిలో దక్షిణంగా, నవసారి మీదుగా బిలిమోరా చేరాను. బిలిమోరాలో గాయక్వాడ్ రాజుల కాలంలో వేసిన చిన్నగేజి పట్టాలు ఇప్పటికీ వాఘయీ అడవుల దాకా ఉన్నాయి. వాటిని ముట్టుకుని చూసి, షేరింగ్ ఆటోలో గణదేవి వెళ్లాను. దారికి రెండు వైపులా సపోటా, మామిడి తోటలు. మా వైపు కొబ్బరి చెట్టు లేని చూపు ఉండదు, ఇక్కడ సపోటా లేని చూపు లేదు. కాలిపత్తి రకానికి ఈ నేల పెట్టింది పేరు. నవసారిలో 2004 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. మామిడి, సపోటా అంట్ల కోసం వానలకు ముందు రైతులు బారులు తీరతారని చెప్పారు.

ఒక అంట్ల నర్సరీలో పెద్దాయన నాకు మర్మం విప్పాడు. సపోటాను దాని గింజతో వేస్తే మంచి కాపు ఎప్పటికో, ఎలా వస్తుందో నమ్మకం లేదు. అందుకని దాన్ని పాలచెట్టు మొక్క మీద అంటు కడతారు. పసుప్పచ్చ చిన్న పళ్లు కాసే ఆ పాలచెట్టును ఇక్కడ రాయణ్ అంటారు. ఎండాకాలం ఆ పళ్లు బజార్లో గంపల్లో పోసి అమ్ముతారు. వేరు గట్టిది, చెట్టు వందేళ్లు నిలబడుతుంది. కానీ అలా నిలబడే చెట్టు తొందరగా పెరగదు. గింజ మొలిచి, పెన్సిల్ మందం కాండం వచ్చి, అంటుకు పనికొచ్చేసరికి రెండేళ్లు దాటుతుంది. అంటు కట్టాక అతుక్కుని, చిగురు వేసి, కవర్లో నిలదొక్కుకోవడానికి మళ్లీ నెలలు. మామిడి నయం. ఈ వేసవి టెంకలు పోసి, వానల్లో కేసర్ పుల్ల అంటు కడితే వచ్చే వానలకు అమ్మొచ్చు. సపోటాకు అలాంటి అడ్డదారి లేదు. "ఎరువు వేస్తే తొందరగా రాదా?" అని అడిగాను. ఆయన నవ్వి, వరసలో రెండు మొక్కలు చూపించాడు. ఒకటి పుల్లంత, ఇంకోటి దానికన్నా కాస్త పుల్లంత. "రెండూ ఒకే రోజు వేశాను. దానికి ఎప్పుడు పెరగాలనిపిస్తే అప్పుడు పెరుగుతుంది."

అందుకే ఈ కొరత దుకాణంలో కనిపిస్తుంది గానీ దుకాణంలో పుట్టదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా కడియంలో సరుకంతా కదలకుండా నిలిచిపోయింది. పెరిగిపోయిన మొక్కల్ని నరికి పారేసినవాళ్లున్నారు. మళ్లీ అమ్ముడవుతాయో లేదో అన్న భయంతో కొత్త మొక్కలు వేయనివాళ్లున్నారు. తీరా ఇళ్లలో కూర్చున్న జనానికి మొక్కల మీద ప్రేమ పుట్టాక, వేయని మొక్కల ఖాళీ బయటపడింది. ఇది మన ఒక్కరి కథ కాదు. పెద్దాయన మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. 2021లో అక్కడి తోటల దుకాణాల్లోనూ అరలు ఖాళీయేనట. ఆ ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి తోటలూ నర్సరీలూ మాడడమే కాదు, ప్లాస్టిక్ ముడిసరుకు ఫ్యాక్టరీలు ఆగిపోయి కుండీలకు కూడా కటకట వచ్చింది. మొక్క ఉన్నచోట కుండీ లేదు, కుండీ ఉన్నచోట మొక్క లేదు.

మరి రాయణ్ గింజలు రెట్టింపు వేయొచ్చుగా అంటే, పెద్దాయన దగ్గర సూటి జవాబుంది. మూడేళ్లకు ఏ ధర పలుకుతుందో ఎవరు చెప్తారు? అడ్వాన్సు ఇస్తే వేస్తానంటాడు ఆయన. మొక్క చూశాకే డబ్బిస్తానంటాడు డుమస్ రోడ్డు వర్తకుడు. ఇల్లు పూర్తయ్యాకే మొక్క గురించి ఆలోచిస్తాడు కొనేవాడు. ముగ్గురూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. ఆ మూడు న్యాయాల మధ్యలో చెట్టు పుట్టకుండా పోతోంది.

తిరిగి సూరత్ వచ్చేసరికి మొదటి పెద్ద వాన పట్టుకుంది. అక్క గొడుగేసుకుని పోయి ఖాజాలు తెచ్చింది. తాపేశ్వరం కాజా ఎరిగిన నాలుకతో, పాకం కారుతుందని జాగ్రత్తగా కొరికాను. పాకం లేదు, మిరియాల ఘాటు తగిలింది. పొరలు పొరలుగా విరిగే ఈ సరసియా ఖాజా వానాకాలపు తిండి. మీద నిమ్మకాయ పిండుకుని, పక్కన మామిడి రసం పెట్టుకుని తింటారు. మా తూర్పు గోదావరిలో ఈ మాట చెబితే కులంలోంచి వెలేస్తారేమో గానీ, రెండోది నేనే అడిగి వేయించుకున్నాను.

మీరు వెళ్తే రెండు కాలాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. మొదటి వానలకు వెళ్తే ఖాజా, ఆకుపచ్చ తోటలు, నిండిన తపతి. చలికాలం వెళ్తే ఉంధియూ కూర, లేత జొన్నకంకులు కాల్చి దులిపిన పోంక్. మన ఊచబియ్యం తిన్నవాళ్లకు అది ఇంటి రుచే. ఆదివారం రింగ్ రోడ్డు మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు బిలిమోరా బండెక్కండి. అక్కడి నుంచి మొక్క తెచ్చుకోవాలని ఆశపడకండి, అంత దూరం రైల్లో బతకదు. గణదేవి తోటల్లో అంటు ఎలా కడతారో చూసి రండి చాలు.

ఇంటికొచ్చాక మీ ఊళ్లో నర్సరీకి వెళ్తే మాత్రం, ఏం ఉన్నాయని కాదు, వచ్చే వానలకు ఏం వేస్తున్నారని అడగండి. కావలసిన మొక్క పేరు పుస్తకంలో రాయించి, ఎంతో కొంత ముందిచ్చి రండి. అక్క సపోటాకు నేను గణదేవిలో అలాగే చేశాను. పెద్దాయన డబ్బు లెక్కపెట్టుకుని, పేరు రాసుకుని, మా అక్కవి కాక ఇంకో పది గింజలు ఎక్కువ పోయమని కూలీకి కేకేశాడు.